ఒకే సినిమా, వేర్వేరు మిక్సులు: పాత చిత్రాల సౌండ్‌ను పోల్చే పద్ధతి

అందరికీ నమస్కారం. ముందు ఒక ముక్క వినిపిస్తాను, మాటలు తర్వాత. 1977 నాటి 'స్టార్ వార్స్'. శత్రువుల యుద్ధ కేంద్రం డెత్ స్టార్ లోపల హాన్ సోలో, అతని తోడు చూబాకా పరుగు తీస్తుంటారు. వెనక తెల్ల కవచాల సైనికులు తరుముకొస్తుంటారు. ఎదురుగా ఉక్కు తలుపులు మూసుకుపోతుంటాయి. సైనికుల గొంతుల మీద చెవి పెట్టండి.

(మొదటి క్లిప్ వినిపించారు)

ఇప్పుడు అదే దృశ్యం, వేరే సౌండ్ ట్రాక్‌తో.

(రెండో క్లిప్ వినిపించారు)

పట్టారా? రెండోదాంట్లో ఒక సైనికుడు ముందు "తలుపులు మూసెయ్యండి" అని అరిచాడు. ఆ మూసుకునే సందులోంచే వీళ్లు దూరిపోయాక "తెరవండి, తెరవండి" అని మొత్తుకున్నాడు. హాలంతా నవ్వే చోటది. మొదటి ట్రాక్‌లో "తెరవండి" మాత్రమే ఉంది. మూయమన్న మాట లేకపోయేసరికి నవ్వు సగం పోయింది. మొదటిది 35 ఎంఎం డాల్బీ స్టీరియో ప్రింట్లకు చేసిన మిక్స్. రెండోది అదే ఏడాది ఒకే చానల్ ఉండే మోనో హాళ్ల కోసం చేసింది. రెండూ 1977వే, రెండూ ఒరిజినలే. అందుకే ఎవరైనా "ఒరిజినల్ సౌండ్ ఉన్న డిస్క్ ఏది" అని అడిగితే, "ఏ ఒరిజినల్" అని తిరిగి అడగాల్సి వస్తుంది.

ఈ రోజు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. డిస్కులు పోల్చేటప్పుడు మనం మూడు వేర్వేరు విషయాలను ఒకే మూటగా కట్టేస్తాం. ఒకటి మిక్స్: డైలాగు, ఎఫెక్ట్స్, మన పరిశ్రమలో ఆర్‌ఆర్ అనే నేపథ్య సంగీతం, వీటిని ఎంత మోతాదులో, ఏ స్పీకర్‌లో కలిపారన్నది. రెండోది ట్రాన్స్‌ఫర్: ఆ మిక్స్‌ను ఏ టేపు నుంచి, ఏ ప్రింట్ నుంచి ఎక్కించారు, గరగర తీసేశారా, వేగం సరిగ్గా ఉందా అన్నది. మూడోది ఎన్‌కోడ్: డిస్క్ మీద ఏ ఫార్మాట్‌లో, ఎంత బిట్‌రేట్‌తో, అంటే సెకనుకు ఎంత డేటాతో పెట్టారన్నది. "పాత డీవీడీలో సౌండ్ బాగుంది, బ్లూరేలో చచ్చుగా ఉంది" అనే మాట తరచూ వింటాం. ఆ ఫిర్యాదు ఈ మూడింట్లో దేని మీదో తేలకపోతే ఆ వాదనకు అంతుండదు. నా అనుభవంలో ఎక్కువ గొడవ ఎన్‌కోడ్ మీద జరుగుతుంది, ఎక్కువ తేడా మాత్రం మిక్స్‌లో ఉంటుంది. 448 కిలోబిట్ల డాల్బీ డిజిటల్‌కూ ఏమీ పోగొట్టని లాస్‌లెస్‌కూ మధ్య తేడా పట్టాలంటే నిశ్శబ్దమైన గది, ఓపిక రెండూ కావాలి. ఒక డైలాగు ఉందా లేదా అన్నది ఫోన్ స్పీకర్‌లో కూడా తెలిసిపోతుంది.

స్టార్ వార్స్‌నే పట్టుకుని ముందుకు వెళదాం. ఇంత చక్కగా పాఠం చెప్పే సినిమా ఇంకోటి లేదు. 1977లో దానికి మూడు రకాల మిక్సులు బయటికొచ్చాయి. 35 ఎంఎం ప్రింట్ అంచున రెండు ఆప్టికల్ ట్రాకులుంటాయి. ఎడమ, మధ్య, కుడి, వెనక వినిపించే సరౌండ్ అనే నాలుగు చానళ్లను మడిచి ఆ రెండింట్లో పెట్టడమే డాల్బీ స్టీరియో. మధ్య చానల్‌ను 3 డెసిబెల్స్ తగ్గించి రెండు ట్రాకుల్లోనూ సమానంగా పోస్తారు. సరౌండ్‌ను ఒక ట్రాక్‌కు ఎదురు ఫేజ్‌లో ఇంకో ట్రాక్‌లో పోస్తారు. సరౌండ్‌లో 7 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తారు. పెద్ద నగరాల్లోని 70 ఎంఎం హాళ్లకు ఆరు మాగ్నెటిక్ ట్రాకుల మిక్స్ వెళ్లింది. అందులో రెండు ట్రాకులను లోతైన బేస్ మోతకే కేటాయించారు. దాన్ని 'బేబీ బూమ్' అంటారు. ఇవాళ మన 5.1లో (ఐదు స్పీకర్లు, బేస్‌కు విడిగా ఒక చానల్) ఉండే '.1'కు తాత అది. మోనో మిక్స్ అన్నింటికంటే చివర చేశారు. చివర చేయడం వల్ల సరిదిద్దుకునే వీలు దానికే దొరికింది. అందుకే తలుపుల డైలాగు దాంట్లో ఉంది. ఓడలను లాగి పట్టే ట్రాక్టర్ బీమ్‌ను ఏడు చోట్ల నుంచి నడుపుతారని రోబో సీ-త్రీపీఓ వివరించే మాట కూడా మోనోలో ఉంది, ఆనాటి స్టీరియోలో లేదు. కథానాయకుడు ల్యూక్ పిన్ని బెరూ గొంతు కూడా మోనోలో వేరుగా వినిపిస్తుంది.

ఈ తేడాలను నేను గుర్తులు అంటాను. పోల్చడానికి కూర్చోగానే సౌండ్ క్వాలిటీ గురించి ఆలోచించకండి. ముందు గుర్తులు చూసి ఏ మిక్స్ చేతిలో ఉందో తేల్చుకోండి. ఈ సినిమాకు ఐదు నిమిషాల పని. తలుపుల దగ్గర "మూసెయ్యండి" ఉందా? ట్రాక్టర్ బీమ్ వివరణ ఉందా? ముసలి యోధుడు ఓబీ-వాన్ మొదటిసారి కనిపించే ముందు కొండల్లో పెట్టే వింత కేక ఎలా ఉంది? ఈ మూడోది చాలా పనికొచ్చే గుర్తు. 2004 డీవీడీలో ఆ కేక మార్చారు, 2011 బ్లూరేలో మళ్లీ మార్చారు. అంటే కేక వినగానే మీది 2004కు ముందుదా, 2004దా, 2011దో ఆ తర్వాతదో తెలిసిపోతుంది. 2019లో డిస్నీ ప్లస్‌కు వచ్చిన వెర్షన్‌లో హాన్ సోలోను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడో, తుపాకీ పేలే ముందు "మక్లంకీ" అంటాడు. అది వినిపిస్తే ఇక సందేహమే లేదు.

మధ్యలో 1985లో హోమ్ వీడియో కోసం ఒక మిక్స్, 1993 లేజర్‌డిస్క్ సెట్‌కు ఇంకో మిక్స్, 1997 స్పెషల్ ఎడిషన్‌కు మరొకటి వచ్చాయి. "మూసెయ్యండి" డైలాగు స్పెషల్ ఎడిషన్‌లోకి చేరింది. 2004 డీవీడీలోని 5.1 మిక్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాంట్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, రెండింటినీ కలిపేయకూడదు. చివరి యుద్ధంలో ఎక్స్-వింగ్ విమానాలు కిందికి దూకే చోట ఇత్తడి వాయిద్యాల ఫోర్స్ థీమ్ అనే రాగం ఎఫెక్ట్స్ కింద దాదాపు మునిగిపోయింది. అది మిక్స్‌లో తీసుకున్న నిర్ణయం. మనకు నచ్చకపోవచ్చు, నాకైతే అస్సలు నచ్చదు, కానీ అది ఎవరో ఫేడర్ కదిపి చేసిన పని. రెండోది, వెనక స్పీకర్లలో సంగీతం ఎడమ కుడి తారుమారైంది. అది పొరపాటు. 2011లో దాన్ని సరిచేశారు.

తారుమారును చెవితో పట్టడం కష్టం, కొలిచి పట్టడం తేలిక. మాటలూ పేలుళ్లూ లేకుండా సంగీతం ఒక్కటే ఉన్న 20 సెకన్లు తీసుకోండి. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు సాధారణంగా మన ఎడమ చేతి వైపు, బేస్ వాయిద్యాలు కుడి వైపు ఉంటాయి. ముందు ఎడమ చానల్‌ను వెనక ఎడమతో ఒకసారి, వెనక కుడితో ఒకసారి జోడించి వినండి, లేదా రెండు చానళ్లు ఎంత కలుస్తున్నాయో చూపే కోరిలేషన్ మీటర్‌లో చూడండి. ముందు ఎడమకు వెనక కుడితో ఎక్కువ పొత్తు కుదిరితే వెనక చానళ్లు తారుమారయ్యాయన్న మాట. దీనికి ముందు మీ ఇంట్లో స్పీకర్ వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో టెస్ట్ టోన్‌తో చూసుకోవడం మరవకండి. డిస్క్‌ను తిట్టడానికి ముందు మన వైరింగ్ చూసుకోవాలి.

ఇక పద్ధతి. మీరు కొన్న రెండు డిస్కుల ట్రాకులు కంప్యూటర్‌లో ఉన్నాయనుకుందాం. మొదట మీడియాఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ట్రాక్ వివరాలు చూసి రాసుకోండి: ఫార్మాట్, బిట్‌రేట్, చానళ్లు, శాంపిల్ రేట్, డయల్‌నార్మ్. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. డయల్‌నార్మ్ అంటే డాల్బీ ట్రాక్‌లో దాగి ఉండే ఒక అంకె. ప్లేయర్ దాన్ని చూసి సౌండ్ తగ్గిస్తుంది. మైనస్ 31 ఉంటే ఏమీ తగ్గదు. మైనస్ 27 ఉంటే 4 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక డిస్క్‌లో మైనస్ 31, ఇంకోదాంట్లో మైనస్ 27 ఉన్నప్పుడు రిమోట్ ముట్టుకోకుండా రెండూ వింటే, మొదటిది "దమ్మున్న మిక్స్"లా వినిపిస్తుంది. ఆ దమ్ము అంతా 4 డెసిబెల్స్ వాల్యూమే.

తర్వాత వేగం. మనది పాల్ అనే టీవీ పద్ధతి వాడిన దేశం. పాల్ డీవీడీలో 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో ఆడిస్తారు. 121 నిమిషాల సినిమా దాదాపు 116 నిమిషాలకే అయిపోతుంది. శ్రుతి సరిచేయకుండా వదిలేస్తే హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న దూరంలో 70 శాతం పైకి వెళ్తుంది. గొంతులు కొంచెం పలచబడతాయి. అది పోల్చేటప్పుడు "ఇంకోదాంట్లో గొంతు నిండుగా ఉంది" అనే మాటగా మారుతుంది. ఇది ట్రాన్స్‌ఫర్ తేడా, మిక్స్‌ను అనకూడదు. అన్నట్టు, 24 ఫ్రేములకూ 23.976 ఫ్రేములకూ ఉన్న చిన్న తేడా కూడా 121 నిమిషాల్లో 7 సెకన్లు దాటుతుంది. సినిమా మొదట్లో రెండు ట్రాకులు కలిసి, చివర్లో విడిపోయాయంటే ముందు దీన్నే అనుమానించండి. లేజర్‌డిస్క్ అయితే ఇంకో తంటా. దాని డిజిటల్ సౌండ్ 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీది 48. మార్చుకోవాలి. పైగా సీఏవీ అనే రకం లేజర్‌డిస్క్‌లో పక్కకు 30 నిమిషాలే పడతాయి. డిస్క్ తిప్పిన ప్రతిచోటా కొన్ని ఫ్రేములు పోవచ్చు, పెరగవచ్చు. కాబట్టి ఒకసారి సరిపెట్టి ఊరుకుంటే చాలదు, ప్రతి పక్కనూ విడిగా సరిపెట్టాలి.

డీకోడ్ చేసేటప్పుడు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (డీఆర్‌సీ) ఆపేయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో అయితే డీఆర్‌సీ స్కేల్‌ను సున్నా చేయాలి. లేకపోతే డాల్బీ ట్రాక్ గట్టి చోట్ల అణిగి, మెల్లని చోట్ల లేచి వస్తుంది, మీరు దాన్ని మిక్స్ తీరు అనుకుంటారు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా తీసుకోండి. 5.1ను స్టీరియోకు కుదించి పోల్చాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: కుదింపులో బేస్ కోసమే ఉండే ఎల్ఎఫ్ఈ చానల్ (ఆ '.1') సాధారణంగా రాలిపోతుంది. థియేటర్‌లోనూ ఇంట్లోనూ అది 10 డెసిబెల్స్ ఎక్కువ బలంతో మోగే చానల్. దాన్ని వదిలేసి "కొత్త మిక్స్‌లో బేస్ లేదు" అనడం అన్యాయం.

సౌండ్ స్థాయి సరిపెట్టడం అన్నింటికంటే ముఖ్యం. మనిషి చెవికి కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. తేడా ఒక డెసిబెల్ ఉన్నా చాలు, "గట్టిగా ఉంది" అనిపించదు, "స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. పేలుడు దృశ్యాలతో సరిపెట్టకండి, రీమిక్స్‌లో మొదట మారేవే అవి. వెనక సంగీతం లేని, ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే 30 సెకన్ల సీన్ తీసుకుని ఆ ముక్క సగటును 0.2 డెసిబెల్ లోపు కలపండి. డైలాగు కలిశాక పేలుళ్లు ఎంత పెరిగాయో, సంగీతం ఎంత తగ్గిందో అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇప్పుడు నల్ టెస్ట్. రెండు ట్రాకులను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి కలిపితే ఒకేలా ఉన్నదంతా కొట్టేసుకుపోతుంది. మిగిలేది తేడా ఒక్కటే. చాలామంది ఇది చేసి ఏదో మిగిలిందని "మిక్స్ వేరు" అని తీర్పిచ్చేస్తారు. స్క్రీన్ మీద చూడండి, ఇవి ఒకే ట్రాక్‌కు రెండు నకళ్లు. ఒకదాన్ని ఒక్క శాంపిల్, అంటే సెకనులో 48,000వ వంతు జరిపాను. వినండి.

(క్లిప్ వినిపించారు)

సన్నగా, డొల్ల డబ్బాలోంచి వచ్చినట్టు మొత్తం వినిపిస్తోంది కదా. 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 38 డెసిబెల్స్ తగ్గింది, వెయ్యి హెర్ట్జ్ దగ్గర 18, ఐదు వేల దగ్గర నాలుగే. ఒక్క శాంపిల్ తప్పితే ఇంత మిగులుతుంది. సమయం సరిగ్గా ఉన్నా స్థాయి 1 డెసిబెల్ తప్పితే అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 18 డెసిబెల్స్ కిందే ఆగిపోతుంది. కాబట్టి మిగిలినదాని రూపం చూడాలి. బొంగురు లేకుండా పైస్థాయి సన్నగా మిగిలితే సమయం తప్పింది. అన్నీ సమంగా మిగిలితే స్థాయి తప్పింది. డైలాగు మాయమై ఒక తుపాకీ మోత మాత్రమే పూర్తిగా మిగిలితే, అప్పుడు చెప్పొచ్చు: ఆ ఎఫెక్ట్ మార్చారు. ఇక అనలాగ్ మూలాల్లో, అంటే వీహెచ్‌ఎస్, లేజర్‌డిస్క్ అనలాగ్ ట్రాకు, ఆప్టికల్ ప్రింట్ లాంటి వాటిలో వేగం క్షణక్షణం ఊగుతుంటుంది. వాటికి నల్ టెస్ట్ పనికిరాదు. ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఉందో బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టుకుని ఘటన వారీగా చూసుకోవాలి.

మోనో ట్రాకుల దగ్గరికి వద్దాం. పాత సినిమాల్లో ఎక్కువ భాగం మోనోనే. డిస్క్‌ల మీద అవి ఎక్కువగా 2.0గా వస్తాయి, ఎడమ కుడి రెండింట్లో ఒకే సౌండ్. నిజంగా ఒకటేనా? ఒక చానల్ ఇన్వర్ట్ చేసి రెండూ కలపండి. పూర్తి నిశ్శబ్దం వస్తే శుద్ధ మోనో. హిస్, అంటే టేపు రొద మాత్రమే వస్తే రెండు ట్రాకులూ టేప్ నుంచి విడివిడిగా వచ్చాయి, పర్వాలేదు. "స", "ష", "చ" లాంటి అక్షరాల చప్పుడు వినిపిస్తే ప్లేబ్యాక్ హెడ్ కోణం తప్పింది, అజిమత్ అంటారు. ఎడమకూ కుడికీ మధ్య అయిదు శాంపిల్స్ తేడా అనుకోండి, సెకనులో పదివేలవ వంతు. రెండూ సెంటర్ స్పీకర్‌లో కలిసినప్పుడు 4,800 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, మాట స్పష్టత ఉండే చోటే. పైగా రిసీవర్ ప్రోలాజిక్‌లో, అంటే మడిచిన నాలుగు చానళ్లను విప్పే మోడ్‌లో ఉంటే ఆ తేడాను సరౌండ్ అనుకుని సకారాలను వెనక స్పీకర్లలోకి విసురుతుంది. "మోనో ట్రాక్ మసకగా ఉంది, మాటలు వెనక నుంచి వస్తున్నాయి" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. వైద్యం తేలిక: రెండు చానళ్లలో శుభ్రంగా ఉన్నది ఒకటి ఎంచుకుని, దాన్ని ఒక్కదాన్నే సెంటర్‌కు పంపండి.

మోనో ట్రాక్ ఇంట్లో గీసుకుపోతున్నట్టు, సర్రుమన్నట్టు వినిపించడానికి ఇంకో కారణం ఉంది. పాతకాలం హాళ్లు సౌండ్‌ను ఉన్నదున్నట్టు ఆడించేవి కావు. అకాడమీ కర్వ్ ప్రకారం 1,600 హెర్ట్జ్ దాకా సమంగా ఉంచి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్, 8 కిలోహెర్ట్జ్ దగ్గర 18 డెసిబెల్స్ తగ్గేది. ఆప్టికల్ ట్రాక్ గరగరను దాచడానికి అదొక ఉపాయం. మిక్స్ చేసే ఇంజనీరు ఆ తగ్గుదలను మనసులో పెట్టుకునే పైస్థాయిని పెంచేవాడు. ఆ టేపును ఇప్పుడు కర్వ్ లేకుండా ఫ్లాట్‌గా ఎక్కిస్తే పెంచినదంతా బయటపడి చెవికి గుచ్చుకుంటుంది. దాంతో రీమాస్టర్ చేసేవాళ్లు నాయిస్ రిడక్షన్‌తో మొత్తం నున్నగా చేసేస్తారు. గరగర పోతుంది, దాంతోపాటు గది గాలి, ఊపిరి, గుడ్డల రాపిడి కూడా పోతాయి. ఇంట్లో చేయగలిగింది, ట్రాక్ కర్వ్ లేకుండా వచ్చిందని అనిపిస్తే ఈక్వలైజర్‌తో 2 కిలోహెర్ట్జ్ నుంచి మెల్లగా వాలు ఇచ్చి చూడటం. పూర్తి 18 డెసిబెల్స్ తగ్గించకండి, ఇంటి గదిలో అంత అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఉన్న సౌండ్‌ను కొలవడం. రీమిక్సుల్లో సౌండ్‌నే కొత్తగా చేస్తారు, అక్కడే నాకు బాధ. 1958 నాటి 'వెర్టిగో'ను 1996లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ పునరుద్ధరించారు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతానికి అసలు రికార్డింగులు దొరికాయి. లండన్‌లో కొంత స్టీరియోలో రికార్డయింది. సంగీతకారుల సమ్మె వల్ల మిగతాది వియన్నాలో, మోనోలో. కాబట్టి ఆ కొత్త మిక్స్‌లో సంగీతం ఒక్కో చోట విశాలంగా విచ్చుకుని ఒక్కో చోట ముడుచుకుంటే అది డిస్క్ లోపం కాదు. ఎఫెక్ట్స్ విడి ట్రాకులు దొరకలేదు. అందుకని అడుగుల చప్పుళ్లు, తుపాకీ మోతలు, తలుపులు కొత్తగా చేశారు. సంగీతం వినాలంటే ఆ మిక్స్ నిజంగా గొప్పది. కానీ 1958 మనిషి కాలికి 1990ల అడుగు చప్పుడు అతుక్కున్నట్టు వినిపిస్తుంది. ఆ రెండు మాటలూ ఒకేసారి నిజమే.

1975 నాటి 'జాస్' సౌండ్‌కు ఆస్కార్ వచ్చింది, అది మోనో మిక్స్‌కు. 2000 డీవీడీలో మాత్రం ఆ మోనో లేదు, రీమిక్స్ ఒక్కటే. 2005 డీవీడీలో మోనో తిరిగి వచ్చింది. 2012 బ్లూరేలో 7.1 లాస్‌లెస్‌గా, మోనో మాత్రం కొంత పోగొట్టే (లాసీ) డీటీఎస్ 2.0గా పెట్టారు. అంటే బహుమతి పొందిన సౌండ్‌కు చిన్న పీట, కొత్తదానికి పెద్ద పీట. 1984 నాటి 'టెర్మినేటర్' కూడా అంతే. 2001 డీవీడీలో కొత్త తుపాకీ మోతల 5.1తో పాటు మోనో కూడా ఉంది, 2013 బ్లూరేలో ఇంగ్లీష్ మోనో లేదు. పాత డీవీడీ అమ్మేసి బ్లూరే కొన్నవాళ్లు మంచి బొమ్మ తెచ్చుకుని అసలు సౌండ్ పోగొట్టుకున్నారు. నా సలహా ఒకటే: డిస్క్ వెనక అట్ట మీద "మోనో" అని కనిపించే పాత ఎడిషన్‌ను గుర్తులు పోల్చకుండా వదిలించుకోకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: 1977 డాల్బీ స్టీరియో లాంటి 2.0 ట్రాక్‌ను మామూలు స్టీరియోగా వినొచ్చా?

వినొచ్చండి, తప్పేం లేదు. కానీ అది నాలుగు చానళ్లు మడిచిన ట్రాక్. విప్పితేనే డైలాగు మధ్యకు, ఎగిరే విమానం వెనక్కి వెళ్తుంది. రిసీవర్‌లో ప్రోలాజిక్ ఉంటే అది పెట్టండి. సినిమా కాలానికి దగ్గరగా వినాలంటే వెనక స్పీకర్లు రెండూ ఒకే మోనో సౌండ్ ఇచ్చే పాత ప్రోలాజిక్ మోడ్ మేలు. పోల్చేటప్పుడు మాత్రం రెండు డిస్కులకూ ఒకే మోడ్ ఉండాలి. ఒకటి 5.1 కాబట్టి నేరుగా, ఇంకోటి 2.0 కాబట్టి "హాల్" ఎఫెక్ట్‌తో వింటే మీరు పోల్చింది రిసీవర్‌ను. నైట్ మోడ్, డైనమిక్ ఈక్యూ లాంటివన్నీ ఆపేయండి.

ప్రశ్న: 2006లో విడుదలైన స్టార్ వార్స్ పాత వెర్షన్ డీవీడీ కొనొచ్చా?

బోనస్ డిస్క్‌గా వచ్చింది. బొమ్మ 1993 లేజర్‌డిస్క్ కాలం నాటి మాస్టర్ నుంచి తీసింది, వెడల్పు తెరకు సరిపడేలా పెట్టే అనమార్ఫిక్ కూడా కాదు. సౌండ్ డాల్బీ 2.0, 192 కిలోబిట్లు. మార్పులు లేని కథ అధికారికంగా డీవీడీ మీద దొరికేది దాంట్లోనే కాబట్టి కొనొచ్చు. దాన్ని 1977 హాల్ సౌండ్‌కు కొలమానంగా మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: మన సినిమాలకు ఇదంతా ఎలా వర్తిస్తుంది? 'మాయాబజార్' కలర్‌లో వచ్చినప్పుడు సౌండ్ కూడా మార్చారు కదా.

1957 నాటి మోనో. 2010 జనవరిలో గోల్డ్‌స్టోన్ సంస్థ వాళ్లు రంగుల్లో, సినిమాస్కోప్‌లో విడుదల చేసినప్పుడు సౌండ్‌ను డీటీఎస్‌కు మార్చారు. పాత మోనో డిస్క్, ఈ కలర్ వెర్షన్ రెండూ ఉంటే, ముందు డైలాగుతో స్థాయి సరిపెట్టండి. తర్వాత 5.1లో ఒక్కో స్పీకర్ విడిగా వినండి. పాట పల్లవి అయిదు స్పీకర్లలోనూ ఒకేలా, కేవలం కొంచెం ఆలస్యంగానో మసకగానో వస్తుంటే అది మోనోను పరిచిందే. ఏదో ఒక స్పీకర్‌లో మాత్రమే వినిపించే వాద్యం ఉంటే దాన్ని కొత్తగా చేర్చారా అని వెతకాలి. నాయిస్ రిడక్షన్ ఎంత చేశారో చూడటానికి "వివాహ భోజనంబు" కంటే మంచి చోటు లేదు. మాధవపెద్ది సత్యం గొంతు, పాట మధ్యలో ఆ నవ్వులు. నవ్వు మీద కాదు, నవ్వుకూ నవ్వుకూ మధ్య ఖాళీ మీద చెవి పెట్టండి. గరగర సమంగా సాగుతుంటే ట్రాక్‌ను ఎక్కువగా ముట్టుకోలేదు. నవ్వు ఆగగానే గరగర కూడా తలుపేసినట్టు ఆగి, మళ్లీ నవ్వుతో పాటే లేస్తే, ఫిల్టర్ గట్టిగా పనిచేసింది, ఊపిరి కూడా పోయి ఉంటుంది. పాత మోనో ముక్క ఇక్కడ సిద్ధంగా ఉంది. మొదటి నవ్వు ఆగే చోటు నుంచి వినండి.

(క్లిప్ వినిపించారు)